పోతురాజు టైమింగు

ఫిబ్రవరి 7, 2005. సోమవారం

ఈ డైరీ ఆయిల్ కంపెనీ వాడు కొత్త సంవత్సరానికి ఇచ్చిపోయాడు. నెల రోజులుగా బల్ల మీద గ్రీజు మరకలు తాగుతూ పడి ఉంది. ఇవాళ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక దీని మీద చూపిస్తున్నాను.

టాక్సీ బంగారయ్య కారు మార్చాడు. పద్దెనిమిదేళ్ళు నా చేతుల్లో పెరిగిన అంబాసిడర్ని ఎవడో సబ్బవరం వాడికి ఇచ్చేసి, పెళ్ళాం దేముడమ్మ మెడలో గొలుసు కూడా కలిపి, సెకండ్‌హ్యాండులో కంప్యూటర్ బండి తెచ్చాడు. పరవాడ మందుల కంపెనీ వాళ్ళకి అంబాసిడర్ ఆనదట. ఏసీ ఉండాలట. మార్చి నెలాఖరుదాకా పిలిచినప్పుడల్లా వెళ్ళి తిప్పాలి, మేనేజరుకి నచ్చితే ఏడాది కంట్రాక్టు రాసిస్తాడు.

"ఇది గానీ రాపోతే నా బతుకు బస్టాండే బావా" అన్నాడు. పెళ్ళాం మెడ బోసి చేసి తెచ్చినవాడు ఇంకేమంటాడు!

బానెట్ ఎత్తితే నల్ల ప్లాస్టిక్ మూత. అది తీస్తే వైర్ల జడలు. టైమింగు తిప్పే డిస్ట్రిబ్యూటర్ లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఏ పెట్రోలు ఇంజను ముందు నిలబడ్డా నా కుడిచెయ్యి దానంతట అదే డిస్ట్రిబ్యూటర్ మీదికి పోతుంది. ఇవాళ పోయి గాలిలో ఆగింది. తిప్పడానికి ఏమీ లేని ఇంజను కూడా ఒక ఇంజనేనా?

"దీనికి టైమింగు ఎలగ పెడతారు?" అన్నాను.

"అదే పెట్టీసుకుంతదట బావా. లోపల కంప్యూటరుందట."

"అయితే దానికే కొబ్బరికాయ కొట్టు. నాకెందుకు సూపించడం?"

బంగారయ్య ఏదో గొణిగాడు. ఈమధ్య వీడికి గొణుగుడు ఎక్కువైంది.

ఎవరూ చదవని డైరీలో గొప్పలు చెప్పుకుంటే తప్పేమిటి? చోడవరం నుంచి ఎలమంచిలి దాకా 'పోతురాజు టైమింగు' అంటే ఒక పేరు. పిస్టన్ పైకి పూర్తిగా చేరకముందే నిప్పురవ్వ పడాలి. ఎంత ముందు అన్నదే విద్య. ఆలస్యమైతే బండి ఈడుస్తుంది. మరీ ముందైతే, ఎక్కుతున్న పిస్టన్ నెత్తి మీద మంట కొడుతుంది. రేకు డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు గలగలమంటుంది. అదే కొట్టడం, నాకింగ్. బండిని బొజ్జన్నకొండ దారిలో ఎత్తు మీదికి తీసుకెళ్ళి, టాప్ గేర్లో ముప్ఫై మీద ఉంచి, కాలు మొత్తం తొక్కేస్తాను. అద్దాలు దించాలి. లోపల ఎవరూ నోరెత్తకూడదు, ఓనరైనా సరే. కొట్టేదాకా ముందుకి తిప్పాలి, కొట్టగానే వెంట్రుకవాసి వెనక్కి తేవాలి. లైటు లేదు, మీటరు లేదు. చెవి ఒక్కటే.

ఆ చెవిని పట్టుకుని ఇవాళ వీడు "లోపల కంప్యూటరుంది" అంటాడు.

ఫిబ్రవరి 8

కుక్కర్ ఐదు విజిల్స్ వేసిందట. నేను పక్కనే పేపరు చదువుతూ కూడా స్టవ్ ఆపలేదట. పప్పు మాడింది. ఈ కొత్త కుక్కర్లకి విజిలే సరిగ్గా లేదు. మా ఆవిడ భవాని మాత్రం తప్పు నాదే అంటుంది.

ఫిబ్రవరి 12. శనివారం

నూకరాజు నా దగ్గర పదకొండేళ్ళు స్పానర్లు తుడిచాడు. ఇప్పుడు పూడిమడక రోడ్డులో నా షెడ్డుకి సరిగ్గా ఎదురుగా తన షెడ్డు. 'కంప్యూటరైజ్డ్ ఇంజన్ ట్యూనింగ్' అని నా షెడ్డు కంటే పొడవైన బోర్డు. కంప్యూటరు నొక్కేది వాడు కాదు, వాడి కూతురు బిందుమాధవి. పాలిటెక్నిక్ చదివి, వైజాగ్‌లో ఏదో షోరూములో రెండేళ్ళు చేసి వచ్చింది. ఊళ్ళో ఆడపిల్లలు కుట్టు మిషన్లు నేర్చుకుంటుంటే ఇది ఇంజన్లు నేర్చుకుంది.

కంపెనీ డ్యూటీకి ముందు ఒకసారి చూపిద్దామని బంగారయ్య అక్కడికి వెళ్ళాడు. "నువ్వూ రా బావా, నువ్వు పక్కనుంటే నాకు దైర్యం" అన్నాడు. నవ్వుకోవడానికి వెళ్ళాను.

ఆ పిల్ల స్టీరింగు కింద ఒక వైరు గుచ్చి, చేతిలో డబ్బా నా ముందు పెట్టింది. "ఇది సూడండి మావయ్యా. స్పార్కు ఎంత ముందు పడతందో ఇక్కడ కనపడతది. ఇప్పుడు పది డిగ్రీలు." ఎక్సలేటర్ తొక్కింది. అంకె ఇరవై ఎనిమిదికి ఎగిరింది. వదిలింది, పడిపోయింది.

"ఎవడు తిప్పేడు?" అన్నాను.

"ఎవరూ తిప్పలేదు. క్రాంక్ చివర పళ్ళ చక్రముంటది. ఎదురుగా ఒక సెన్సారు ఆ పళ్ళు లెక్కపెట్టి పిస్టన్ ఎక్కడుందో కంప్యూటర్‌కి సెప్తది. గాలి ఎంత పోతందో ఇంకోటి సెప్తది. నీళ్ళ వేడి ఇంకోటి. ఇంత స్పీడు, ఇంత లోడు ఉంటే ఇంత ముందు వెలిగించు అని లోపల ఒక పట్టీ రాసుంటది. ప్రతి స్పార్కుకీ అది సూసుకునే వెలిగిత్తది."

"ఎక్కాల పుస్తకం."

"ఎక్కాల పుస్తకమే మావయ్యా. మరి పెట్రోలు మంచిది కాపోతే పుస్తకం తప్పిపోద్ది కదా? అందుకని బ్లాకుకి నాక్ సెన్సారు బిగిత్తారు. అది ఇంజనుకి సెవి. కొట్టడం మొదలెట్టగానే వినీసి, రెండు మూడు డిగ్రీలు ఎనక్కి లాగిత్తది. తగ్గేక మళ్ళీ మెల్లగా ముందుకి తెత్తది."

కొట్టేదాకా తేవడం, కొట్టగానే వెనక్కి లాగడం! ముప్ఫై ఏళ్ళుగా నేను చేస్తున్న పనినే ఎత్తుకుపోయి డబ్బాలో పెట్టి, దానికొక ఇంగ్లీషు పేరు తగిలించారు. ఆ డబ్బాని చూసి ఊరంతా నోరెళ్ళబెడుతోంది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ పిల్ల మొహంలోకి చూస్తూ మాట మాట విడదీసి గట్టిగా మాట్లాడుతుంది. మిగతా ఊరంతా నోట్లో కిళ్ళీ పెట్టుకుని మాట్లాడుతోంది.

ఫిబ్రవరి 15

బెల్లం దిమ్మలు మార్కెట్టుకి తోలే ఎర్రయ్య పాత పెట్రోలు వ్యాను మళ్ళీ తెచ్చాడు. పోయిన వారమే టైమింగు పెట్టాను.

"ఎత్తెక్కితే గలగల కొట్టీతంది బాబూ" అన్నాడు. ఎత్తు మీదికి తీసుకెళ్ళాను. పిల్లిలా ఎక్కింది. చప్పుడు లేదు, చప్పుడు తాత లేదు. "పెట్రోలు మార్చు ఎర్రయ్యా" అన్నాను. వాడు నా మొహంలోకి అదోలా చూసి పోయాడు. బెల్లం తోలేవాడు నాకు నాకింగ్ గురించి చెప్తాడు!

ఫిబ్రవరి 22

బంగారయ్య ఏడుపు మొహంతో వచ్చాడు. ఏసీ వేసి నలుగురు ఎక్కితే బండి లాగడం లేదట. మేనేజరు "ఏమయ్యా, ఎడ్లబండా ఇది" అన్నాడట. ముందు బిందుమాధవికే చూపించాడు. దేవరాపల్లి దారిలో డ్రమ్ముల్లో అమ్మే పెట్రోలు పోస్తున్నాడు, ఇంజను లోపల కార్బన్ పేరుకుంది, రెండూ కలిసి కొడుతోంది, సెన్సారు విని టైమింగు ఎనిమిది డిగ్రీలు వెనక్కి లాగి పెట్టింది, అందుకే లాగడం లేదు అని చెప్పిందట. బంకులో మంచి పెట్రోలు పోసి, హెడ్ విప్పి కార్బన్ గీకించాలట. రెండు రోజులు పని.

"రెండ్రోజులు బండి నిలబెట్టీత్తే మేనేజరు ఇంకో బండి సూసుకుంతాడు బావా. నువ్వే ఏదో ఒకటి సెయ్యి" అన్నాడు.

రోగం తేలిపోయింది. ఆ కంప్యూటరు పిరికిది. ఆకు కదిలితే చాలు, కొట్టింది కొట్టింది అని వెనక్కి దూకుతోంది. పిరికిదాని చేతిలో టైమింగు పెట్టి బండి లాగలేదంటే ఎలా లాగుతుంది?

ఫిబ్రవరి 23. బుధవారం

ఇవాళ నేను చేసిన పని నూకరాజు కూతురికి ఏ పాలిటెక్నిక్కులోనూ చెప్పి ఉండరు.

ఆ నాక్ సెన్సారు రూపాయి బిళ్ళంత ఉంటుంది, బ్లాకుకి ఒకే బోల్టు. వైరు పీకితే డాష్‌బోర్డులో దీపం వెలుగుతుంది, కంప్యూటరు ఇంకా బెదిరిపోతుంది. ఆ మాత్రం నాకు తెలుసు. అందుకే వైరు పీకలేదు. బోల్టు విప్పి, సెన్సారుని బ్లాకు నుంచి తీసి, స్కూటర్ ట్యూబు రబ్బరు నాలుగు చుట్లు చుట్టి, వైర్ల కట్టకే కట్టేశాను. దీపం వెలగలేదు. తన సెన్సారు తన చోటే ఉందనుకుంటోంది వెర్రి మాలోకం. దానికిప్పుడు ఏమీ వినపడదు, కాబట్టి భయమూ లేదు.

ఎత్తు మీదికి పోనిచ్చాను. ఏమి లాగుడు! సీటుకి వీపు అతుక్కుపోయింది. అద్దాలు దించి, తల బయటికి పెట్టి విన్నాను. గాలి చప్పుడు, టైర్ల చప్పుడు, ఇంజను గుండె చప్పుడు. అంతే.

సగం ఎత్తులో బంగారయ్య నోరు తెరిచాడు. ఎత్తు మీద ఎవరూ మాట్లాడకూడదని పద్దెనిమిదేళ్ళుగా తెలిసినవాడు.

"బావా, ఏదో గలగలమంతంది, ఇనపడతందా?"

"తలుపు బీడింగు ఊడింది. నోరు మూసుకో."

"కాదు బావా, ముందునుంచి..."

"ఒరే, నీ సెవి గొప్పదా నా సెవి గొప్పదా?"

చప్పున చల్లబడ్డాడు. "నీదే బావా. నాకేటి తెలుత్తాది" అన్నాడు. అలా ఉండాలి.

ఫిబ్రవరి 24

కంప్యూటర్‌కి చెవి తీసేసి నా చెవి పెట్టాను. నూకరాజు బోర్డు వైపు చూసి నవ్వుకున్నాను.

మార్చి 2

సెల్‌ఫోను కంపెనీ వాళ్ళు గంట తగ్గించేశారు. భవాని నా జేబులోంచి మోగుతున్న ఫోను తీసి నా చేతిలో పెట్టింది. అప్పటికి నాలుగుసార్లు మోగిందట. మోగలేదు.

మార్చి 9

మేనేజరు బండిని మెచ్చుకున్నాడట. నెలాఖరుకి కంట్రాక్టు కాగితం మీద సంతకమే తరువాయి అన్నాడట. బంగారయ్య షెడ్డులో అందరికీ పకోడీ తెచ్చి పెట్టాడు. "మా బావ సెవి ఉండగా నాకు కంప్యూటరెందుకు" అని ఎదురు షెడ్డుకి వినపడేలా అరిచాడు. అది మాత్రం చక్కగా వినపడింది.

మార్చి 11

"ఏటండీ, సెవుల డాట్టరు దగ్గరికి ఎల్దావా?" అంది భవాని.

ఎందుకు అన్నాను. మూడుసార్లు పిలిచిందట. నన్ను ఎప్పుడూ పిలవని మనిషి ఇవాళ మూడుసార్లు ఎందుకు పిలిచింది? గుమిలి ఉండి ఉంటుంది. నూనె వెచ్చబెట్టి పోసుకున్నాను. గుమిలి రాలేదు.

మార్చి 19. శనివారం

పాడేరు ఘాట్‌లో బండి పోయింది.

బంగారయ్య మేనేజరుని, హైదరాబాద్ నుంచి వచ్చిన ఇద్దరు పెద్దవాళ్ళని ఎక్కించుకుని పొద్దున్నే బయలుదేరాడు. మాడుగుల దాటి ఘాట్ ఎక్కాక నాలుగో మలుపులో టప్పుమని ఏదో విరిగి, నీలం పొగ వచ్చి, ఇంజను పట్టేసింది. ఎండలో గంటన్నర నిలబడి, ఆ సూట్లవాళ్ళు చివరికి అరటిగెలల జీపు ఎక్కి పోయారు. మేనేజరు వెళ్తూ వెళ్తూ ఒకటే మాట అన్నాడట, "రేపటినుంచి రావద్దు" అని.

మధ్యాహ్నం లారీకి కట్టి బండిని తెచ్చారు. బంగారయ్య నా షెడ్డు ముందు చెప్పులు విడిచి, రెండు చేతులూ తల మీద పెట్టుకుని మట్టిలో కూర్చున్నాడు. ఏభై ఏళ్ళ మనిషి.

"కంప్యూటరే బండిని సంపీసింది బావా. నువ్వు మొదట్నుంచీ సెప్తన్నావు, నాను ఇనలేదు" అన్నాడు.

నేను వాడి భుజం మీద చెయ్యి వేశాను. "అవున్రా" అన్నాను.

మార్చి 20. ఆదివారం

హెడ్ విప్పాను. మూడో పిస్టన్ అంచు పళ్ళతో కొరికినట్టు ఊడిపోయింది. రింగుల మధ్య గట్టు విరిగింది. తల మీద సన్నటి గుంటలు. కొన్ని వారాలుగా కొట్టి కొట్టి, నిన్న ఎండలో, ఎత్తులో, నిండు లోడుతో చచ్చింది. కొత్తగా చేరిన కుర్రాడైనా చెప్తాడు దేనివల్లో.

కంప్యూటరు సరిగ్గా పని చెయ్యలేదు. అంతే.

మార్చి 21

సెన్సారు దాని చోట అది ఉంది.

మార్చి 23. బుధవారం

బిందుమాధవిని బంగారయ్యే పిలుచుకొచ్చాడు, అడగడానికి కాదు, అరవడానికి. ఆ పిల్ల పిస్టన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"ఇది కొట్టడం వల్లే పోయింది. ఇంతగా కొడతంటే సెన్సారు వినకుండా ఎలగుంటది? టైమింగు ఎనక్కి లాగాలి కదా" అంది. డబ్బా గుచ్చి చూసింది. తప్పు ఏమీ రాలేదు. సెన్సారు వంక చూసింది. బోల్టు వంక చూసింది. తర్వాత నా వంక చూసింది.

"నువ్వే ఏవో మీటలు నొక్కీసినావు!" అన్నాడు బంగారయ్య. "నీ డబ్బా గుచ్చినప్పట్నుంచే దీనికి శని పట్టుకుంది. ఆడపిల్లవని ఊరుకుంతన్నాను గానీ..."

"నేను సూసేను గానీ దేన్నీ మార్చలేదు బాబాయ్. నిజంగా."

"నా పెళ్ళాం మెడలో గొలుసు తెత్తావేటి నువ్వు?"

రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగారు. ఆ పిల్ల కళ్ళు నిండిపోయాయి గానీ ఏడవలేదు. "మావయ్యా, మీరు సెప్పండి. నేను మార్చేనా?" అంది నాతో, ఎప్పటిలాగే మొహంలోకి చూస్తూ, మాట మాట విడదీసి.

"ఆ డబ్బాలో ఏటుందో నాకేటి తెలుసమ్మా. మాది సెవుల కాలం" అన్నాను.

నలుగురూ నవ్వారు. మంచి జవాబే.

మార్చి 24

మంచి జవాబు కాదు. సెన్సారు దాని చోట ఉందని మొన్న రాశాను. అదేదో తనంతట తాను నడిచి వెళ్ళినట్టు రాశాను. ఆదివారం షెడ్డు తలుపు లోపల గడియ పెట్టుకుని, రబ్బరు చుట్లు విప్పి, బోల్టు నేనే బిగించాను. ఆ తర్వాతే బంగారయ్యని లోపలికి పిలిచాను. రబ్బరు ముక్క పొయ్యిలో వేశాను. కంపు కొట్టింది, ఏమిటిది అని భవాని అడిగితే టైరు ముక్క అన్నాను.

ఎవరూ చదవని డైరీలో కూడా అబద్ధం రాసుకునే మగాణ్ణి నేను.

అయినా సెన్సారు తీసినంతమాత్రాన బండి పోదు. అది వినకపోతే నేను వింటానుగా? నేను విన్నాను. కొట్టలేదు.

మార్చి 28

నూకరాజు రోడ్డు దాటి నా షెడ్డులోకి వచ్చాడు, ఏడేళ్ళలో మొదటిసారి. నిలబడే ఉన్నాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"గురువుగారూ, వారం రోజులయ్యింది, మా షెడ్డుకి ఒక్క కారు రాలేదు. ఆ పిల్ల డబ్బా పెడితే ఇంజను పోద్దని ఊరంతా అనుకుంతన్నారు. అది అన్నం తినడం మానీసింది. తిరిగి వైజాగ్ ఎల్లిపోతానంతంది. మీరు ఒక్క మాట సెప్తే సాలు. ఆ పిల్ల తప్పు లేదని ఒక్క మాట. అనకాపల్లిలో మీ మాటకి ఎదురు లేదు."

నాకు తెలిసిందేమీ లేదన్నాను. వాడు వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళాడు. తిట్టి ఉంటే బాగుండేది. వాడికి తిట్టడం కూడా నేర్పకుండా పదకొండేళ్ళు ఏం నేర్పానో.

ఏప్రిల్ 1

బంగారయ్య బండికి కొత్త పిస్టన్లు వేస్తున్నాను. కూలి వద్దన్నాను. వాడు దాన్ని ప్రేమ అనుకుని కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఏప్రిల్ 3. ఆదివారం

రాసేయాలి. రేపటికైతే ఇంకో రకంగా రాస్తాను.

ఎర్రయ్య వ్యాను మళ్ళీ వచ్చింది. అదే గోల, కొడుతోందని. సరే అని పొద్దున్న తొమ్మిదింటికి ట్రయల్‌కి తీశాను. నూకాలమ్మ గుడికి దింపమని భవాని ఎక్కింది. ముందు ఎత్తు చూసుకుని తర్వాత గుడికి పోదామన్నాను.

ఎత్తులో టాప్ గేర్, ముప్ఫై, కాలు మొత్తం తొక్కాను. చప్పుడు లేదు. పక్కకి చూస్తే భవాని మొహం చిట్లించుకుని కూర్చుంది.

"ఏటది, రేకు డబ్బాలో గోళీలు పోసినట్టు?" అంది.

నేను బండి ఆపేశాను. ముప్ఫై ఏళ్ళలో నా పెళ్ళానికి నాకింగ్ అంటే ఏమిటో నేను చెప్పలేదు. షెడ్డు గడప తొక్కనివ్వలేదు. గోళీల సంగతి ఆవిడకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. విని చెప్పింది.

దిగి, క్లాంపు వదులు చేసి, డిస్ట్రిబ్యూటర్ని కావాలని ముందుకి తిప్పాను. బాగా తిప్పాను. గాడిద చెవికి కూడా వినపడేంత. వెనక్కి వచ్చి మళ్ళీ ఎత్తెక్కాను. భవాని రెండు చెవులూ మూసుకుంది. "ఓలమ్మా, ఆపండి, పేలిపోతది!" అని అరిచింది.

నాకు గాలి చప్పుడు వినపడింది. టైర్ల చప్పుడు, ఇంజను గుండె చప్పుడు వినపడ్డాయి. లావు చప్పుళ్ళన్నీ వినపడ్డాయి. ఆ ఒక్కటి వినపడలేదు. గేర్ రాడ్డు మీద చెయ్యి వేస్తే అరచేతిలో సన్నటి వణుకు తెలిసింది. చేతికి తెలిసినది చెవికి తెలియలేదు.

వ్యాను రోడ్డు పక్కన నిలబెట్టి స్టీరింగు మీద తల పెట్టుకున్నాను. భవాని ఏమీ అడగలేదు. అడిగిందేమో తెలియదు. చాలాసేపటి తర్వాత నా గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది.

"నాకు రెండేళ్ళనుంచి తెలుసు" అంది, గట్టిగా.

రెండేళ్ళు! ఈ రెండేళ్ళలో ఎన్ని బండ్లకి టైమింగు పెట్టానో లెక్కే లేదు. చెవిటివాడు తిప్పితే, ఊరంతా 'పోతురాజు టైమింగు' అని నెత్తిన పెట్టుకుంది. పిరికిదన్నానే, ఆ రూపాయి బిళ్ళంత సెన్సారు, దానికి వినపడింది. విని తన పని తను చేసింది. నేను దాని చెవికి రబ్బరు చుట్టాను. ఎందుకు? ఒక చెవిటివాడి మాట నెగ్గడానికి.

బంగారయ్యకి కూడా వినపడింది, ఆ రోజు ఎత్తు మీద. వాడి నోరు నేను మూయించాను.

ఏప్రిల్ 5

వైజాగ్‌లో డాక్టరు గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోను బుట్టలు పెట్టి, వినపడినప్పుడు మీట నొక్కమన్నాడు. చివర్లో చాలాసేపు ఏమీ నొక్కే పని పడలేదు. అయిపోయిందేమో అనుకుని బుట్టలు తీయబోయాను. అద్దం అవతల ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. అప్పటికింకా పరీక్ష జరుగుతూనే ఉందట.

ఏప్రిల్ 8. కొత్త అమావాస్య

నూకాలమ్మ జాతరకి వెళ్ళలేదు. అమ్మవారికి ఏ మొహం చూపించను?

బిందుమాధవి సోమవారం వైజాగ్ బండెక్కుతుందట. భవాని చెప్పింది, రెండుసార్లు.

ఏప్రిల్ 10. ఆదివారం

నూకరాజు షెడ్డు ముందు టీ బడ్డీ దగ్గర పొద్దున్న ఎనిమిదింటికి పదిమంది దాకా ఉన్నారు. బంగారయ్య బల్ల మీద కూర్చుని గ్లాసు చేత్తో పట్టుకుని మళ్ళీ అదే కథ చెప్తున్నాడు, కంప్యూటరు తనని ఎలా ముంచిందో. ఎర్రయ్య ఉన్నాడు. నూకరాజు తల వంచుకుని షట్టరు ఎత్తుతున్నాడు. లోపల ఆ పిల్ల సామాను సర్దుకుంటోంది.

నేను రోడ్డు దాటి వెళ్ళాను. కూర్చుంటే మళ్ళీ లేవనని తెలుసు, నిలబడే చెప్పాను.

"ఒరే బంగారయ్యా, నీ బండిని సంపింది కంప్యూటరు కాదు. ఆ పిల్లా కాదు. నేను. సెన్సారు విప్పీసి రబ్బరు సుట్టి కట్టీసేను. ఇంజను పోయేక మళ్ళీ బిగించీసి ఏమీ తెలీనట్టు ఉన్నాను. ఎత్తు మీద నీకు ఇనపడింది నిజమే. నాకు ఇనపడలేదు. నాకు సెవులు లేవు. పోయేయి."

చెప్పడం అయిపోయింది. ఎవరి మొహం చూడాలో తెలియలేదు. బిందుమాధవి గుమ్మంలోకి వచ్చి నిలబడింది, చేతిలో సంచీతో. నూకరాజు షట్టరు సగంలో వదిలేశాడు. ఆ పిల్లని క్షమించమని అడగాలని ఇంటి దగ్గర అనుకున్నాను. "అమ్మా" అన్నాను గానీ ఆపైన మాట రాలేదు. ముప్ఫై ఏళ్ళు ఊరందరి నోళ్ళూ మూయించినవాడికి ఆ ఒక్క మాట అలవాటు లేదు. చేతులు మాత్రం జోడించాను. ఆ పిల్ల సంచీ కింద పెట్టింది.

బంగారయ్య గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు. కొడతాడనుకున్నాను. కొట్టమనే వెళ్ళాను. కొట్టలేదు. దగ్గరికి వచ్చి, అటూ ఇటూ ఉన్నవాళ్ళని ఒకసారి చూసి, తల కొంచెం వంచి ఏదో అన్నాడు. వాడి పెదాలు కదలడం చూశాను. రోడ్డు మీద నింద వెయ్యడానికి ఒక్క లారీ కూడా లేదు.

రెండేళ్ళుగా ఇలాంటప్పుడు నేను చేసేది ఒకటుంది. తల ఊపి "సరే సరే" అనేస్తాను. మెడ ఊగబోయింది కూడా. ఆపుకున్నాను.

"ఇనపడలేదురా. మళ్ళీ సెప్పు" అన్నాను.

వాడు నా వైపు చూశాడు. అప్పుడు అర్థమైంది నాకు, ఆ మాట మెల్లగా ఎందుకన్నాడో. నలుగురి ముందు నా పరువు పోకూడదని. పెళ్ళాం గొలుసు పోయి, కంట్రాక్టు పోయి, మట్టిలో కూర్చున్నవాడు, ఇంకా నా పరువు చూస్తున్నాడు. ఆ మాట మళ్ళీ అనడం వాడికి ఇష్టం లేదు. "ఏటీ లేదులే బావా" అన్నట్టు చెయ్యి ఊపాడు.

"సెప్పు" అన్నాను. "గట్టిగా సెప్పు."

నా చెవి దగ్గరికి నోరు తెచ్చాడు. వాడి ఊపిరి వెచ్చగా తగిలింది.

"ఇకనుంచి నా బండి మీద సెయ్యి వెయ్యకు బావా!" అని అరిచాడు.

వీధంతా విన్నారు. నేనూ విన్నాను.